అరచేతిలో పరాయి వేళ్ళు

జ్ఞానమ్మ అరచేతిలో ఆ నాలుగు వేళ్ళు బయటపడి అప్పటికి ఒక రోజు గడిచింది.

విశ్వవిద్యాలయం నడిమధ్యలో, గ్రంథాలయం మెట్లకి ఎదురుగా, ఛాతీ ఎత్తు దిమ్మె మీద నిలబడ్డ ఆ కంచు విగ్రహానికి కాగితాల మీద పెద్ద పేరే ఉంది. పిల్లలు మాత్రం జ్ఞానమ్మ అనే అంటారు. కళ్ళు మూసుకుని ఉంటుంది. ఎడమ చేత్తో మూసి ఉన్న పుస్తకాన్ని గుండెకి హత్తుకుని, కుడి చెయ్యి ముందుకి చాపి, ఒక మడమ కాస్త పైకెత్తి ఉంటుంది. వచ్చే గురువారం స్వర్ణోత్సవం. ఆ లోపల యాభై ఏళ్ళ చిలుము వదిలించి విగ్రహాన్ని మెరిపించే పని చిన్నమేస్త్రికి అప్పగించారు. పోతపనిలో పేరున్న పెద్దమేస్త్రి కూతురు కాబట్టి, యాభై రెండేళ్ళు వచ్చినా, జుట్టు సగం నెరిసినా, అందరికీ ఆవిడ చిన్నమేస్త్రే. ఆ విగ్రహాన్ని పోత పోసింది కూడా తండ్రే. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.

ఆదివారం పొద్దున పరంజా ఎక్కి, కుడి అరచేతికి మంట చూపించి చిలుము వదిలిస్తుంటే, అరచేతి మధ్యలో ముద్ద కట్టి ఉన్నదేదో కరిగి కారింది. చూస్తే అది సీసం. దాని మీద కంచు రంగు పూసి ఇన్నాళ్ళూ దాచారు. సీసం పోయాక కింద నాలుగు వేళ్ళు కనపడ్డాయి. సన్నటి వేళ్ళు. జ్ఞానమ్మవి కావు. ఇంకెవరో ఆ చెయ్యి పట్టుకుని ఉండగా, ఆ ఇంకెవరినో కణుపుల దగ్గర కోసేశారు.

రిజిస్ట్రార్ వచ్చి, కింద నుంచే తలెత్తి చూసి, "మళ్ళీ పూడ్చెయ్యండి. బుధవారం సాయంత్రానికి చెయ్యి ఖాళీగా కనపడాలి. అది ఖాళీగా ఉండటమే దాని అర్థం" అన్నాడు. ఆ అర్థం ఏ పుస్తకంలో ఉందో చూపించడానికి జేబులోంచి ఒక చిన్న పుస్తకం కూడా తీశాడు.

ఆ పుస్తకం రాసినాయన ఇల్లే ఇది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి, వేళ్ళ మీద ప్లాస్టర్ ఒత్తి తీసిన అచ్చుని తువ్వాల్లో చుట్టుకుని, చిన్నమేస్త్రి ఆ గుమ్మంలో నిలబడింది.

తలుపు ఆయనే తీశాడు. ఎనభై మూడేళ్ళు. తత్వశాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసర్. జ్ఞానమ్మకి నలభై పేజీల వ్యాఖ్యానం రాసినందువల్ల మూడు తరాల విద్యార్థులు ఆయన్ని భాష్యం మాస్టారనే పిలుస్తున్నారు. అసలు పేరు పింఛను కాగితాల్లో మాత్రమే మిగిలింది.

"రా అమ్మా, కూర్చో. రిజిస్ట్రార్ ఫోన్ చేశాడు, కోపంగా వస్తున్నావని. కోపంగా ఉన్నవాళ్ళని నిలబెట్టి మాట్లాడకూడదు."

ముందు గదిలో మూడు గోడలకీ పుస్తకాలే. నాలుగో గోడకి అద్దాల బీరువా. అందులో ఆయనకి జరిగిన సన్మానాల తాలూకు జ్ఞాపికలు. చిన్నమేస్త్రి లెక్కపెట్టకుండా ఉండలేకపోయింది. జానెడేసి జ్ఞానమ్మలు పదకొండు మంది, అందరూ కళ్ళు మూసుకుని, అందరూ ఖాళీ చెయ్యి చాపుకుని ఉన్నారు. బల్ల మీద గురువారం సభలో చదవాల్సిన ప్రసంగం సగం రాసి ఉంది.

ఆవిడ కూర్చోలేదు. తువ్వాలు విప్పి అచ్చుని ఆ ప్రసంగం మీదే పెట్టింది.

"ఇదేంటి మాస్టారూ?"

ఆయన భూతద్దం తీసుకుని చాలాసేపు చూశాడు. చూస్తున్నంతసేపూ మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, క్లాసులో పాఠం మొదలుపెట్టినట్టు గొంతు సవరించుకున్నాడు.

"శిల్పి చాలా లోతైన మనిషి. దీనికీ ఏదో ఉద్దేశం ఉండే ఉంటుంది. నాలుగు వేళ్ళు అంటే నాలుగు దిక్కులు అనుకోవచ్చు. నాలుగు దిక్కుల నుంచీ జ్ఞానాన్ని వెతుక్కుంటూ వచ్చిన విద్యార్థులు ఆ మహాహస్తంలో లీనమైపోవడం..."

"వేళ్ళకి గోళ్ళున్నాయి మాస్టారూ," అంది చిన్నమేస్త్రి. "దిక్కులకి గోళ్ళుండవు."

ఆయన భూతద్దం బల్ల మీద పెట్టాడు.

"మీరు గొప్పగా చదువుకున్నారు. నేను పదో తరగతితో ఆపేశాను. కానీ కంచు సంగతి నాకు తెలుసు," అని ఆవిడ తన కుడి చెయ్యి చాపి చూపించింది. "ఇచ్చే చెయ్యి ఇలా ఉంటుంది, వెల్లకిలా. మీ జ్ఞానమ్మ చెయ్యి వెల్లకిలా లేదు. పక్కకి తిరిగి ఉంది, వేళ్ళు మడిచి ఉన్నాయి. భుజం చూడండి, ముందుకి లాగినట్టు సాగి ఉంది. చేతి వెనక బొటనవేలు ఉండాల్సిన చోట ఆకురాయి పెట్టి అరగదీసిన గీతలు ఇంకా తెలుస్తున్నాయి. ముందు నాలుగు వేళ్ళు, వెనక ఒకటి. అంటే ముందు ఎవరో నడుస్తూ ఈవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్నారు. ఈవిడ ఎవరికీ ఏమీ ఇవ్వట్లేదు."

"ఊఁ."

"కళ్ళు మూసుకున్న మనిషి ఇంకొకళ్ళ చెయ్యి పట్టుకుని నడుస్తుంటే అదేంటో తెలుసుకోవడానికి నాకు నలభై పేజీలు అక్కర్లేదు. జ్ఞానమ్మకి చూపు లేదు. అంతేనా కాదా?"

భాష్యం మాస్టారు కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"యాభై ఏళ్ళలో ఆ మాట అన్నదానివి నువ్వొక్కదానివే," అన్నాడు. గొంతులో పాఠం పోయింది. మామూలు ముసలాయన గొంతు మిగిలింది.

"అంతేనా కాదా?"

"అంతే."

చిన్నమేస్త్రి అప్పుడు కూర్చుంది.

"రెండో మనిషి ఎవరు?" అని అడిగింది.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. కొత్తగా విశ్వవిద్యాలయం పెట్టిన రోజులు. శిల్పి ఏడు నెలలు ఇక్కడే మకాం వేశాడు. ఏం చెక్కాలో తోచక రోజుకో విభాగంలో కూర్చుని చూస్తుండేవాడు. రసాయనశాస్త్రం ప్రయోగశాలలో సీసాలు కడగడానికి ఒక అమ్మాయి ఉండేది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. అప్పటికి అక్షరం ముక్క రాదు. కానీ ఏ సీసాలో ఏముందో వాసనని బట్టి, మరకని బట్టి చెప్పేది. సీసాల మీద అంటించిన కాగితాలు ఆవిరికి తడిసి ఊడిపోతుండేవి. అందుకని ఆ అమ్మాయి ప్రతి సీసా మెడకీ ఒక దారం కట్టి, దానికి ముళ్ళు వేసేది.

"ముళ్ళా?" అంది చిన్నమేస్త్రి.

"అవును. ఒక ముడి అంటే ముట్టుకోవద్దని. రెండు ముళ్ళంటే నీళ్ళు కలుపుకుని వాడమని. మూడు ముళ్ళంటే..."

"నన్ను పిలవమని," అని చిన్నమేస్త్రి పైకి అనలేదు. లోపల అనుకుంది.

"...తనని పిలవమని," అని భాష్యం మాస్టారు పూర్తి చేశాడు. "మొదట్లో అందరూ నవ్వారు. ఏడాది తిరిగేసరికి పెద్ద పెద్ద ప్రొఫెసర్లే కాగితం చూడ్డం మానేసి ముళ్ళు తడుముకుని పని చేసుకోవడం అలవాటు చేసుకున్నారు. ఒకసారి ఆ అమ్మాయి నాలుగు రోజులు జ్వరం వచ్చి రాలేదు. ఆ నాలుగు రోజులకని పెట్టిన మనిషి, దారాలన్నీ మురికిగా ఉన్నాయని కత్తిరించి పారేశాడు. విభాగం అధిపతి ఏదో అనుకుని ఇంకేదో ఒంపాడు. మోచెయ్యి దాకా కాలింది. పరీక్షలు ఆగిపోయాయి. ఆ అమ్మాయి తిరిగొచ్చేదాకా ప్రయోగశాలకి తాళం. మా శిల్పి అదంతా చూసి, నాకు విగ్రహం దొరికిందయ్యా అని వెళ్ళి మైనం ముందు కూర్చున్నాడు."

చిన్నమేస్త్రికి ఆ మాటలు దూరం నుంచి వినపడుతున్నాయి. ఆవిడ కళ్ళ ముందు తన పోత షెడ్డులో కిటికీ పక్క అర ఉంది. ఆ అరలో వరసగా ఆమ్లాల సీసాలు, ప్రతి సీసా మెడకీ దారం, దారానికి ముళ్ళు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ ఆ ముళ్ళ మధ్యే పెరిగింది. అక్షరాల కన్నా ముందు నేర్చుకున్నది ఆ ముళ్ళే. కట్టింది పిన్ని.

పిన్ని ఏ వైపు పిన్నో ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఒకరోజు నాన్న వెంటబెట్టుకుని వచ్చి, "ఈవిడ మీకు పిన్ని. మైనం పనీ మందుల పనీ చూస్తుంది" అన్నాడు. అమ్మ ఏమీ అనకుండా లోపలికెళ్ళి ఇంకో పక్క వేసింది. వీధి మాత్రం అనాల్సినవన్నీ అంది. పెద్దమేస్త్రి రెండో కాపురాన్ని ఇంట్లోనే పెట్టుకున్నాడంది. పిన్ని యాభై ఏళ్ళుగా ఆ మాటలు వింటూ మైనం కాస్తూనే ఉంది.

ఇదంతా ఈ ముసలాయనకి చెప్పకూడదని చిన్నమేస్త్రి అప్పటికప్పుడు నిశ్చయించుకుంది. ఈయన చేతిలో పెడితే దీనికీ ఒక భాష్యం రాస్తాడు.

"తర్వాత?" అంది.

"ఆవిష్కరణకి వారం ముందు కమిటీ చూడ్డానికొచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళు. వెనక జ్ఞానం, చూపు లేకుండా. ముందు ఈ అమ్మాయి, కొంగు బొడ్లో దోపుకుని, ఒక చేతిలో ముళ్ళదారం, ఇంకో చేత్తో జ్ఞానం చెయ్యి పట్టుకుని నడిపిస్తూ. మా పెద్దలకి ఒళ్ళు మండిపోయింది. జ్ఞానం గుడ్డిదా, దాన్ని నడిపించేది సీసాలు కడిగే మనిషా అన్నారు. కొత్త విగ్రహానికి టైము లేదు. ముందున్నదాన్ని తీసేయమన్నారు. నేను కమిటీకి కార్యదర్శిని. ముప్పై మూడేళ్ళు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మిగిలినదానికి అర్థం చెప్పమన్నారు."

"చెప్పారు."

"చెప్పాను. వారం రోజులు కూర్చుని రాశాను. కళ్ళు మూసుకోవడం అంతర్దృష్టి అన్నాను. ఖాళీ చెయ్యి త్యాగం అన్నాను. ఎత్తిన మడమ ప్రగతి అన్నాను."

"శిల్పి ఊరుకున్నాడా?"

"ఆవిష్కరణకి రాలేదు. మళ్ళీ ఈ వైపు మొహం చూపించలేదు. పోయాడని పేపర్లో చదివాను."

"ఆవిడ ఏమైంది?"

ఆయన కిటికీ వైపు చూశాడు. "తెలీదు. తీసేసిన బొమ్మని చూసినవాళ్ళెవరైనా ముఖం పోల్చుకుంటారేమో అని పనిలోంచి తీసేశారు. ఈపాటికి పోయి ఉంటుంది."

"మీరు కనుక్కున్నారా?"

ఆయన చేతిలో ఉన్న కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"ఎప్పుడైనా, ఒక్కసారైనా?"

"లేదమ్మా."

చిన్నమేస్త్రి లేచింది. ఆవిడ గొంతు పెరగలేదు. కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళు అరవరు, అరిస్తే పక్కవాడి చెయ్యి బెదురుతుంది. కానీ ప్రతి మాటా బరువుగా, ఒకదాని తర్వాత ఒకటి పడింది.

"లేని చెయ్యి గురించి నలభై పేజీలు రాశారు. ఉన్న మనిషి ఏమైందో ఒక్క మాట అడగలేదు. కొత్తగా చేరే ప్రతి పిల్లకీ పిల్లాడికీ మొదటిరోజు మీ పుస్తకం చేతిలో పెడతారు. ఖాళీ హస్తం విశిష్టతని వివరించుము అని ఐదు మార్కుల ప్రశ్న. మా అమ్మాయి ఆ ప్రశ్నకి ఐదుకి ఐదు తెచ్చుకుంది. ఎవరు బట్టీ పట్టించారో తెలుసా? నేనే. మా నట్టింట్లో కూర్చోబెట్టి, ఇవ్వడమే కానీ పుచ్చుకోవడం ఎరగని చెయ్యి, మళ్ళీ చెప్పు, పుచ్చుకోవడం ఎరగని చెయ్యి, మళ్ళీ చెప్పు..."

ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో పిన్ని నిలబడి ఉండటం గుర్తొచ్చింది. చేతులు తుడుచుకుంటూ, ఆ పాఠం మొత్తం వింటూ. అంతా విని, "బాగా చెప్పావమ్మా" అని పిల్ల తల నిమిరి లోపలికి వెళ్ళిపోయింది.

"నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు భాష్యం మాస్టారు.

"గురువారం మైకు మీ చేతికే ఇస్తారు. నాకు చెప్పింది అక్కడ చెప్పండి. ఆ చెయ్యి ఖాళీది కాదు, ఖాళీ చేశాం అని చెప్పండి. నేను ఆ వేళ్ళని పూడ్చను."

"నువ్వు పూడ్చకపోతే రిజిస్ట్రార్ ఇంకొకణ్ణి తెస్తాడు."

"తేనివ్వండి. అది రేపటి సంగతి. మీరు చెప్తారా చెప్పరా?"

ముసలాయన మొహం ఎర్రబడింది. యాభై ఏళ్ళుగా పొగడ్తలకి అలవాటు పడ్డ మనిషి. తన ఇంట్లో, తన కుర్చీలో, తన పదకొండు జ్ఞాపికల ముందు, బట్టలకి మైనం అంటిన ఒక ఆడమనిషి తనని నిలదీయడం ఆయనకి మింగుడుపడలేదు. బల్ల మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచాడు.

"నన్ను బాగానే అడుగుతున్నావు. అడుగు, నీకు హక్కుంది. బొమ్మ తీసేయమన్న కాగితం మీద సంతకం నాది. మరి రంపం ఎవరిదో అడగలేదేం?"

చిన్నమేస్త్రి తువ్వాలు అందుకోబోయి ఆగింది.

"కంచుని అంత నాజూగ్గా, అరచెయ్యి చిల్లు పడకుండా కోయగల చెయ్యి అప్పట్లో ఈ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయి? ఒక్కటే. పోత పోసిన చెయ్యే. నేను దగ్గరుండి చూశాను. ఇంటికెళ్ళి మీ నాన్న ఫొటోని అడుగు, ఎప్పుడైనా ఆవిడ ఏమైందో కనుక్కున్నావా అని."

ఆవిడ అచ్చుని తువ్వాల్లో చుట్టుకుంది. ముడి రెండుసార్లు జారింది. మెట్లు దిగి వీధిలోకి వచ్చేదాకా వెనక్కి చూడలేదు.

విశ్వవిద్యాలయం గేటు ముందు నుంచి వెళ్తే షెడ్డు పావుగంట నడక. నాన్న ఎప్పుడూ ఆ దారిన వెళ్ళేవాడు కాదు. ఎండలోనైనా వానలోనైనా రైలు పట్టాల పక్కనుంచి చుట్టు తిరిగి వెళ్ళేవాడు. అటువైపు నీడ ఉంటుందనేవాడు. నీడ ఎక్కడా ఉండదు, చిన్నప్పుడు తనూ ఆయన వేలు పట్టుకుని ఆ దారిన నడిచింది. ఎందుకు అని ఎన్నడూ అడగలేదు. అడగనిది భాష్యం మాస్టారొక్కడే కాదు. ఆ ఆలోచనతో ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది. దాని వెనకే చచ్చిపోయిన తండ్రి మీద కోపం వచ్చింది. కోసింది ఆయన. కోసి, ఆ మనిషినే తెచ్చి ఇంట్లో పెట్టుకుని, ఆవిడ చేత నలభై ఏళ్ళు చాకిరీ చేయించుకుని, పైగా వీధి అనే మాటలు ఆవిడ పడుతుంటే నోరు విప్పకుండా పోయాడు.

షెడ్డులో పిన్ని పొయ్యి ముందు పీట మీద కూర్చుని డబ్బాలో మైనం కలుపుతోంది. డెబ్భై రెండేళ్ళ మనిషి. నడుం వంగింది కానీ చెయ్యి ఇంకా నిలకడగానే ఉంది. మైనం కాగుతున్న వాసన షెడ్డంతా పట్టి ఉంది.

"పొద్దున్నే ఏమీ తినకుండా ఎక్కడికెళ్ళావే?" అంది తలెత్తకుండా.

చిన్నమేస్త్రి కిటికీ పక్క అరలోంచి మూడు ముళ్ళున్న సీసా తీసి పిన్ని ముందు పెట్టింది. దాని పక్కన అచ్చు పెట్టి తువ్వాలు విప్పింది.

పిన్ని సీసాని చూసింది, అచ్చుని చూసింది. మైనం కలిపే పుల్ల ఆపలేదు. ఆపితే గడ్డకడుతుంది.

"అప్పుడు నా వేళ్ళు ఇంత సన్నగా ఉండేవి," అంది. "ఎవరు చెప్పారు?"

"భాష్యం మాస్టారు. అంతా చెప్పాడు. నువ్వెక్కడున్నావో నేను చెప్పలేదు."

"మంచి పని చేశావు."

"మంచి పనేంటి పిన్నీ? నిన్ను అక్కడినుంచి తీసేశారు. నీ బొమ్మని తీసేశారు. నీ వేళ్ళ మీద సీసం పోసి, ఆ సీసానికి అర్థం రాసి, దాన్ని నా చేత నా కూతురికి చెప్పించారు. నువ్వు గుమ్మంలో నిలబడి విన్నావు. బాగా చెప్పావమ్మా అన్నావు. ఎలా అనగలిగావు?"

"పిల్ల బాగానే చెప్పింది కదా."

"నాన్న కోశాడట."

పుల్ల ఆగింది.

"నీ బొమ్మని నాన్న తన చేత్తో కోశాడు," అంది చిన్నమేస్త్రి. కళ్ళనిండా నీళ్ళున్నాయి కానీ గొంతులో నిప్పే ఉంది. "ఆ తప్పు కడుక్కోవడానికి నిన్ను తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టాడు. పిన్ని అన్నాడు. ఇన్నేళ్ళూ నేనాయన్ని దేవుడనుకున్నాను. ఆ కమిటీ వాళ్ళ కన్నా, ఆ ముసలాయన కన్నా నాన్నే..."

"ఆగు."

పిన్ని పొయ్యి ఆపింది. డబ్బా దించి పక్కన పెట్టింది. పీట మీద నుంచి లేవడానికి చెయ్యి ఇవ్వమన్నట్టు చాపి, చిన్నమేస్త్రి అందుకోబోయేలోపే దాన్ని వెనక్కి తీసుకుని, గోడ పట్టుకుని తనంతట తనే లేచింది. అచ్చు దగ్గరికి వచ్చి, ఆ నాలుగు వేళ్ళనీ పరాయి మనిషివన్నట్టు చూసింది.

"ఆ మాస్టారు దగ్గరుండి చూశానన్నాడా?"

"అన్నాడు."

"అబద్ధం. ఆయన బయట మెట్ల మీద కూర్చున్నాడు. లోపల మేమిద్దరమే ఉన్నాం." పిన్ని గొంతులో కోపం లేదు. జాలీ లేదు. "మీ నాన్న కొయ్యనని రంపం కిందపడేసి వెళ్ళిపోబోయాడు. కొయ్యకపోతే మొత్తం విగ్రహాన్నే కరిగించేసేవాళ్ళు. ఆ పోతకి ఆయన ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు. గేటు దాకా వెంటబడి, కాళ్ళు పట్టుకుని, వెనక్కి తీసుకొచ్చి కొయ్యమన్నది నేను."

చిన్నమేస్త్రి పొయ్యి ముందు పీట మీద కూర్చుంది.

"అయినా ఆయన చెయ్యి వణికింది," అంది పిన్ని. "మొదటి రెండు వేళ్ళూ నేనే కోశాను."